పారితోషిక శబ్దార్థవిచారము

పానశాలలయందుఁ బరిచారకున కిచ్చు సొమ్మును గూర్చి యీ పత్రికలో వ్యాసము వ్రాయుట కొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. కాని యిది పానమును గూర్చిన వ్యాసము కాదు; ఒక శబ్దమును గూర్చినది. హైదరాబాదునకుఁ బశ్చిమమున మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలోఁ బ్రతిరాత్రియు నొక వాదము నడచుచున్నది. బిల్లుక్రింద ‘సర్వీసు చార్జి’ యని వేసిన సొమ్ము ఇయ్యవలసినదా, ఇయ్యనక్కఱలేనిదా యనునది యా వాదము. వెల, వేతనము, పారితోషికము అను మూఁడు పదార్థములను సంకరము చేసి వాని కొక్కటే పేరు పెట్టుటచేత నీ కలహము పుట్టినదని నా యభిప్రాయము. దానిని నిరూపించుటయే యిచట నా ప్రయత్నము.

ఈ విచారమునకుఁ గారణమైన సంగతిని ముందుగా సంగ్రహముగాఁ జెప్పెదను. బాల్యమున నాయొద్ద లఘుకౌముది చదివిన శిష్యుఁ డొకఁడు మాదాపూరునందలి సాఫ్టువేరు సంస్థలో నుద్యోగి. అతఁడు తన మిత్రుల నిరువురను నన్నును ఒక భోజనపానశాలకుఁ బిలుచుకొనిపోయెను. వారు బీరు త్రాగిరి. నేను నిమ్మరసము త్రాగితిని. కడపట వచ్చిన బిల్లు 4,000 రూపాయలు. దానిక్రింద నూటికిఁ బదివంతున 400 రూపాయలు సర్వీసు చార్జి. దానికిని దిగువ చీమతలలవంటి యక్షరములతో ‘ఐచ్ఛికము’ అని యర్థమిచ్చు మాట. శిష్యుఁడు మర్యాదగానే ఆ పంక్తిని దీసివేయుమని యడిగెను. అంతవఱకు నవ్వుచుండిన పరిచారకుని మొగము మాఱినది. “అందరూ ఇస్తారు సార్, మీకే ఏంటి?” అని యతఁడు బల్లమీఁది గ్లాసులను చప్పుడగునట్లు దీసికొనిపోయెను. మేనేజరు వచ్చి యిష్టములేకయే యా పంక్తిని దీసివేసెను. లేచునప్పుడు శిష్యుఁడు 300 రూపాయలు పళ్ళెములో నుంచెను. పరిచారకుఁ డా నోట్లను జూచి, మెల్లఁగా, “ఇది నాకేనా సార్?” అని యడిగెను. అతని పారుష్యమును నేను త్వరలోనే మఱచితిని. ఆ ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

ఇఁక శబ్దములను జూతము. ఈ యర్థమున మన భాషలో వాడుకయందున్న మాటలు ప్రధానముగా నైదు: ఇనాము, బక్షీసు, మామూలు, పారితోషికము, టిప్పు. ఇనాము అరబ్బీనుండియు, బక్షీసు పారసీకమునుండియు వచ్చినవి. రెండును పెద్దవాఁడు చిన్నవానికి దయతో నిచ్చునదానిఁ దెలుపును. మామూలు అనునదియు అరబ్బీ శబ్దమే. ఆచారముగా జరుగునది యని దాని మొదటి యర్థము. ఆచారముగా నిచ్చునది కాలక్రమమున నడిగి పుచ్చుకొనునదియై, పిదప నిచ్చితీరవలసినదియై, నేఁడు మామూలన్న లంచమను నర్థము స్థిరపడినది. ఈ యర్థపరిణామమును జదువరులు జ్ఞప్తియందుంచుకొనవలయును. సర్వీసు చార్జియు నీ త్రోవనే నడచుచున్నది.

టిప్పు అను నాంగ్లపదము ‘త్వరగాఁ బనిచేయించుటకు’ అని యర్థమిచ్చు మూఁడు మాటల తొలియక్షరములనుండి పుట్టినదని హోటళ్ళలోఁ జెప్పుకొందురు. అది కల్పితవ్యుత్పత్తి. పదునేడవ శతాబ్దమునాఁటి దొంగల పరిభాషలో ‘ఇచ్చు’ అను నర్థమున నా ధాతువు కనఁబడుచున్నది. అంతకంటె విచారణీయములు తక్కిన యూరోపియను భాషల మాటలు. ఫ్రెంచివారు దీనిని ‘పూర్‌బ్వార్’ అందురు. త్రాగుటకు అని యర్థము. జర్మనులు ‘ట్రింక్‌గెల్డ్’ అందురు; త్రాగుడుసొమ్ము అని యర్థము. రష్యనుల మాటకుఁ ‘దేనీటికి’ అని యర్థము. మన హైదరాబాదువారి ‘చాయ్‌పానీ’ కూడ నీ తెగలోనిదే. నీవు నాకుఁ బోసితివి గనుక నీవును గొంచెము త్రాగుము అను సమభావమే వీని యన్నింటి మూలము. వ్యాకరణదృష్టితోఁ జూచినచో వీనియందుఁ గల చతుర్థి తాదర్థ్యచతుర్థి. యూపముకొఱకుఁ దెచ్చిన కొయ్యవలెఁ బానముకొఱకైన ద్రవ్యము. పుచ్చుకొనువానిని దెలుపు చతుర్థి వేఱు; అది సంప్రదానచతుర్థి.

ఆ సంప్రదానమును గొంత విస్తరింపవలసి యున్నది. దానక్రియయందుఁ గర్మచేత నెవ్వనిని గర్త యుద్దేశించునో వాఁడు సంప్రదానమని పాణిని మతము. భర్తృహరి వాక్యపదీయమున నీ సంప్రదానత్వము మూఁడు తెఱఁగులఁ గలుగునని చూపెను. అర్ఘ్యమును గొను సూర్యుఁ డడుగఁడు, వలదనఁడు, అతఁ డనిరాకర్త. గోవు నిమ్మని యాచించు విప్రుఁడు దాతను బురికొల్పువాఁడు గనుకఁ బ్రేరకుఁడు. శిష్యుఁ డీయఁగా సరేయని పుచ్చుకొను గురువు అనుమంత. పానశాలలోని పరిచారకులనుగూడ నిట్లే విభజింపవచ్చును. పళ్ళెములో నుంచినదానిని జూడకయే కొనిపోవువాఁ డనిరాకర్త. ఇచ్చినంతఁ దలయూఁచి సంతసించువాఁ డనుమంత. బిల్లుపుస్తకమును దెఱచి యెదుట నిలిచి కదలనివాఁడు ప్రేరకుఁడు. మువ్వురును సంప్రదానములే. ప్రేరకుని బ్రవర్తన మనకు రుచింపకపోయినను నీయకుండుటకు స్వాతంత్ర్య మున్నంతవఱకు దానము దానమే. ఉపాధ్యాయుఁడు శిష్యునకుఁ జెంపపెట్టు నిచ్చునప్పుడును సంప్రదానత్వము కలదని భాష్యకారుఁ డంగీకరించెను. ఆ మతమునఁ గొన్ని పానశాలలయందు సంప్రదానమునకుఁ గొదువ లేదు.

సర్వీసు చార్జియందు మాత్ర మీ మూఁడును లేవు. ఇచట నుద్దేశింపఁబడువాఁ డెవ్వఁడు? ఇచ్చువాఁడు పరిచారకునే యుద్దేశించును. సొమ్ము యజమాని లెక్కలోఁ జేరును. కర్త యుద్దేశించినవాఁ డొకఁడు, కర్మము చేరుచోటు వేఱొకటి. కావున నది సంప్రదానము కాదు. మఱి వేతనమందమా? నియతకాలమునకు వేతనముచేఁ బనివానిని స్వాధీనము చేసికొనుటకుఁ బాణిని పరిక్రయణమని పేరు పెట్టి, యచట వేతనమునకుఁ దృతీయ చెప్పి, చతుర్థిని వికల్పముగా విధించెను. కాని పరిక్రయణమునఁ గర్త పని చేయించుకొను యజమాని. దారినఁబోవు యతిథి కాఁడు. అతిథి యా పరిచారకుని నొక్క గడియయైనఁ గొన్నవాఁడు కాఁడు. కాఁగా నిది వేతనమును గాదు. మిగిలినది వెల. వెలయైనచో వస్తువు పేరుకెదురుగా మొదటనే వ్రాయవలయును గాని వేఱు పేరుతోఁ గడపటఁ జేర్పరాదు.

దీనికిఁ బూర్వపక్షము లేకపోలేదు. భోజనశాలలవారు చెప్పునది యిది: ఈ సొమ్మును ధరలపట్టికయందే ప్రకటించుచున్నాము, చూచి కూర్చున్నవాఁ డంగీకరించినట్లే. మఱియు టిప్పు బల్లయొద్ద నిలుచువానికే దక్కును. వంటవానికి, గిన్నెలు తోమువానికిఁ జేరదు. మాయొద్దనైన నందఱకుఁ బంచిపెట్టవచ్చును. ఈ రెండవమాట త్రోసివేయఁదగినది కాదు. అతిథి కంటఁబడని పనివాని కష్టమును గణించుట న్యాయమే. అయినను దానిచే సిద్ధించునది పనివారందఱకును దగిన వేతన మీయవలయుననుటయే గాని, యా వేతనమును దానమను పేర నతిథియొద్ద రాఁబట్టవలయుననుట కాదు.

ఇంతేకాక యిందుఁ బునరుక్తి దోషము కలదు. 2017వ సంవత్సరము డిసెంబరులో సుప్రీముకోర్టు, హోటళ్ళవారు నీటిసీసాను దానిమీఁద ముద్రించిన గరిష్ఠధరకంటె నెక్కువకు నమ్ముట తప్పు కాదని తీర్పు చెప్పినది. హోటలులో నమ్మునది వట్టి సీసా కాదు, ఆసనము, పరిసరము, పరిచర్య కలిసినదని యందలి యాశయము. పరిచర్యకుఁగాను ధర నొకసారి పెంచినవారు, ఆ పరిచర్యకే మరల వేఱు పంక్తి వ్రాయుట చెప్పినదానినే చెప్పుట కాదా? కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2022 జూలై 4వ తేదీని వెలువరించిన సూచనలలో నీ న్యాయమే కనఁబడుచున్నది. సేవాంశము భోజనపానముల ధరలోనే యిమిడియున్నదనియు, సర్వీసు చార్జిని దానంతటదియే బిల్లులోఁ జేర్పరాదనియు, వేఱుపేరుతోను వసూలు చేయరాదనియు, నీయనివానిని లోనికి రానీయకుండుట కూడదనియు, దానిని బిల్లులోఁ గలిపి మొత్తముమీఁద వస్తుసేవల పన్ను వేయరాదనియు నా సూచనల సారము. భోజనశాలల సంఘములు రెండు ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపఁగా, నా నెలలోనే సూచనల యమలు నిలుపఁబడెను. కాని 2025 మార్చి 28వ తేదీని ఆ న్యాయస్థానము వారి యర్జీలను గొట్టివేసి, యొక్కొక్క సంఘము లక్షరూపాయలు చెల్లింపవలయునని యాజ్ఞాపించి, సూచనలను స్థిరపఱచెను. దానిపై సంఘములవారు పైధర్మాసనమునకుఁ బోయిరి.

బిల్లుక్రింది ‘ఐచ్ఛికము’ అను మాటయు విమర్శింపఁదగినదే. పాణిని వికల్పమును దెలుపుటకు వా, విభాషా, అన్యతరస్యాం అను మూఁడు మాటలను వాడెను. మన సంప్రదాయజ్ఞులు వానిని బర్యాయములుగాఁ గొనిరి. కిపార్‌స్కీ యను పండితుఁడు 1979లో వెలువరించిన గ్రంథమున నవి భిన్నార్థకములని వాదించెను. ఆతని మతమున మొదటిది ‘చేయుటయే మేలు’ అనియు, రెండవది ‘చేయకుండుటయే మేలు’ అనియు, మూఁడవది ‘ఏదైన సరే’ యనియుఁ దెలుపును. ఈ మతము గ్రాహ్యమా కాదా యను చర్చ యట్లుండఁగా, ముందు వ్రాసి పిదపఁ గొట్టివేయించుకొమ్మను వికల్పము మూఁడింటిలో నెందును జేరదు. అడుగుటకు సిగ్గుపడువానికి నది నిత్యవిధి. పోట్లాడువానికి మాత్రమే వికల్పము. మిత్రులయెదుట, స్త్రీలయెదుట, పై యధికారియెదుట నాలుగువందలకై నోరు తెఱచువాఁ డరుదు. ఆ సిగ్గే యీ పంక్తికి మూలధనము.

ఇఁక పానవ్యయమును గూర్చి కొంచెము. సీసామీఁద గరిష్ఠధర యుండును, పెగ్గుమీఁద నుండదు. 750 మిల్లీలీటర్ల సీసా ముప్పదేసి మిల్లీలీటర్ల వంతున 25 పెగ్గులగును. వైన్‌షాపులో సీసాగాఁ గొన్నవానికిఁ దెలియు ధర, బారులోఁ బెగ్గుగాఁ గొన్నవానికిఁ దెలియదు. అన్నమునకు వస్తుసేవల పన్ను, మద్యము దానికి వెలుపలిదగుటచే రాష్ట్రపు పన్ను. ఒకే బిల్లులో రెండు పన్నుల పద్ధతులు, పైని సర్వీసు చార్జి. ఇట్టి వాక్యమునకు దండాన్వయము చేయుట వైయాకరణునకే కష్టము, త్రాగినవానికిఁ జెప్పనేల? మన పూర్వు లీ విషయమున నింతకంటె స్పష్టముగా నుండిరి. క్రీడాభిరామమున నోరుగంటి పూటకూటియింట నొక్క రూకకు లభించు పదార్థములన్నియు వరుసగాఁ జెప్పఁబడినవి. రూక రూకయే, దానిక్రింద మఱొక పంక్తి లేదు. కౌటిల్యుఁడు సురాధ్యక్షప్రకరణమునఁ బానశాలకుఁ బెక్కు గదులు, శయ్యాసనములు, గంధమాల్యోదకములు నుండవలయునని చెప్పి, మత్తుఁడై నిద్రించువాని సొమ్ము పోయినచో వర్తకుఁ డా సొమ్మును, అంతియే దండుగయు నిచ్చుకొనవలయునని విధించెను. త్రాగినవాని యేమఱుపాటు అమ్మువానికి లాభము కారాదని యాతని తాత్పర్యము.

ఇచట నొక చరిత్రాంశమును విడువరాదు. మన దేశమునఁ బానవ్యయమును మొదట లెక్కించినవారు త్రాగువారు కారు. నెల్లూరుజిల్లా దూబగుంటలో 1992లో సారాయికెదురు నిలిచిన స్త్రీ లా లెక్క వేసిరి. దాని ఫలముగా 1993లో సారాయియు, 1995లో సమస్తమద్యమును నిషేధింపఁబడినవి. 1997లో నిషేధము సడలెను; 1998 నవంబరులో మాదాపూరున సైబర్ టవర్సు ప్రారంభోత్సవము జరిగెను. సైబరాబాదు పానశాలల సంపద యీ రెండు సంవత్సరముల నడుమఁ దెఱచికొన్న వాకిటినుండి వచ్చినది. నేఁడు నాలుగువందలకై వాదించు యువకుఁడు తక్కిన నాలుగువేలను గూర్చి యొక్కమాటయైనఁ దలంపకుండుట నాకు విచారముగానే యున్నది. కాని యది వేఱు వ్యాసమునకు విషయము.

అమెరికానుండి తిరిగివచ్చిన మనవారు కొందఱు నూటికి నిరువది యిచ్చుట నాగరికతయందురు. అచటి కేంద్రశాసనము ప్రకారము, టిప్పులు పుచ్చుకొను పరిచారకునకు యజమాని చేతినుండి యీయవలసిన కనిష్ఠవేతనము గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991నుండి యది మాఱలేదు. తక్కినది టిప్పులచే నిండవలయును. అనఁగా నచట టిప్పు వేతనములో భాగమైపోయినది. పారితోషికమను పేరు మాత్రమే మిగిలినది. ఆ దుస్థితిని మర్యాదగా భావించి తెచ్చుకొనుట మన కనవసరము.

పరిచారకుని పారుష్యమునకును మూల మిచటనే కలదు. తన కష్టమునకుఁ బ్రతిఫలము నిశ్చితముగాఁ దెలియనివాఁడు ప్రతి యతిథి మొగములోను దానిని వెదకును, దొరకనిచోఁ గోపించును. అతిథులు నిర్దోషులు కారు. ‘అరే’ యని పిలుచుట, వ్రేళ్ళు చిటుక వేయుట, అర్ధరాత్రి దాఁటినను లేవకుండుట, పైని ‘నేను టిప్పిచ్చుచున్నాను గదా’ యనుట నేను జూచితిని. ఇచ్చినవాఁ డాత్మగౌరవమును గూడఁ గొన్నట్లు భ్రమించును. పుచ్చుకొనవలసినవాఁడు ముందే యవమానింపఁబడినట్లు భావించును.

తుదకా ప్రశ్నకు వచ్చెదను. మన తెనుఁగున ‘ఇచ్చు’ ధాతువుతోడ వాడు ‘కి, కు’లు విభక్తులవరుసలో షష్ఠియందుఁ జేరినవి, చతుర్థికిఁ బఠింపఁబడినవి ‘కొఱకు, కై’ మాత్రమే. పిల్లలకుఁ జెప్పునప్పు డిది యొక యక్కజముగాఁ దోఁచును. కాని ‘వానికి నిచ్చితిని’, ‘వానికిఁ గలదు’ అను రెండింటను ‘కి’ యొక్కటియే. ఇచ్చినది వానిదైననే యిచ్చుట పూర్తియగునని మన భాష తలంచినట్లున్నది. “ఇది నాకేనా?” యను నాతని ప్రశ్నలోని ‘కి’ యెచట దృఢముగా నిలుచునో యచటఁ బారితోషికము, ఎచట సందేహాస్పదమగునో యచట నది మఱొకటి.

కావున సిద్ధాంత మిది. వెల పట్టికయందు వ్రాయఁబడవలయును. వేతనము యజమానిచే నీయఁబడవలయును. పారితోషికము శబ్దానుసారముగాఁ బరితోషమునుండి పుట్టవలయును. పరితోషము పరిచర్యకుఁ దరువాతఁ గలుగునది గనుక ముందుగా ముద్రింపఁబడరాదు. నా శిష్యుఁడు నాలుగువందలు మాన్పించి మూఁడువందలిచ్చినది పిసినితనము కాదు; లౌకికభాషలో సంప్రదానకారకమును సరిదిద్దుటయే. ఇందు దోషము లున్నచో విజ్ఞులు చూపుదురు గాక.