ఎనిమిది కదలికల పనితనం

చైనా వ్యాయామ సాధన చీగోంగ్‌లో బాదువాన్‌జిన్ అనే వరుస ఉంది, దాంట్లోవి ఎనిమిదే కదలికలు. పరికరం అక్కర్లేదు, ఓ అడుగు పక్కకు వేసేంత చోటుంటే చాలు. సోంగ్ రాజుల కాలపు రచనల్లోనే దీని పేరుంది. ఇలాంటి వ్యాయామాలు అంతకన్నా చాలా పాతవి. చాంగ్‌షాలోని మవాంగ్‌దుయ్ సమాధిలో 1973లో దొరికిన పట్టుగుడ్డ మీది బొమ్మలో 44 మంది ఒళ్లు వంచుతూ, చేతులు చాస్తూ కనిపిస్తారు. ఆ సమాధి క్రీ.పూ. 168 నాటిది.

మొదటి కదలికను నిదానంగా చూడాలి. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, పొత్తికడుపు ముందు వేళ్లు పెనవేసి, చేతుల్ని ఛాతీదాకా తెచ్చి, అరచేతులు తిప్పి పైకి నెట్టాలి. చూపు చేతుల వెంటే వెళుతుంది. అసలు నేర్పు ఆ తర్వాతే. చేతులు పైనే ఉండగా గడ్డం దించి ఎదురుగా చూడాలి. గడ్డం దిగగానే మెడ వెనకభాగం నిటారవుతుంది, అరచేతులు ఇంకాస్త పైకి పోతాయి. అప్పటిదాకా భుజాల్లోనే ఉన్న లాగుడు వెన్నంతా పాకుతుంది. ఓ క్షణం అలా నిలిచి, చేతులు రెండు పక్కలనుంచీ దించుతూ మోకాళ్లు కొద్దిగా సడలించాలి. ఇంత చిన్న సర్దుబాటుతో ఇంత పని చేయించినవాళ్లు ఎవరో గానీ, ఒంటిని లోపలినుంచి ఎరిగినవాళ్లు.

రెండోది విల్లు లాగడం. గుర్రమెక్కినట్టు కాళ్లు ఎడం చేసి, మోకాళ్లు వంచి కూర్చున్నట్టు నిలిచి, ఒక చేతిని పక్కకు నెట్టాలి. ఆ చేతి బొటనవేలు, చూపుడువేలు చాచి ఉంటాయి, మిగతా మూడూ ముడుచుకుంటాయి, మణికట్టు వెనక్కి వంగుతుంది. రెండో చేయి వేళ్లు వంచి భుజం దాకా లాగుతుంది. నెట్టేదీ లాగేదీ ఒకేసారి జరగడంవల్ల ఛాతీ మధ్యలోంచి విచ్చుకుంటుంది.

మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. మూడోదాంట్లో ఒక అరచేయి పైకి, ఇంకొకటి కిందికి నొక్కుతాయి. నాలుగోదాంట్లో మెడ వెనక్కి తిరుగుతుంది. ఇలా దిక్కులన్నీ తిరిగి ఒళ్లు సాగాకే ఐదోదాంట్లో నడుము ఊపుతూ తల తిప్పడం, ఆరోదాంట్లో చేతులు పాదాలదాకా చేరేలా వంగడం వస్తాయి. ఈ వరుస మార్చడం నాకు నచ్చదు. ఏడోదాంట్లో పిడికిలి బిగించి కళ్లు తీక్షణంగా తెరవాలి. ఒళ్లంతా మెత్తబడ్డాక బలం వస్తుంది, ముందు కాదు.

చివరిది మడమలెత్తి దించడం, ఏడుసార్లు. ముందు సగందాకా మెల్లగా దించి, మిగతా సగం వదిలేయాలి. ఒక్కసారిగా పడేస్తే మోకాళ్లకు దెబ్బ, పూర్తిగా మెల్లగా దించితే కావలసిన అదురే పుట్టదు. వయసు పైబడినవాళ్లు దీన్ని గోడ పట్టుకుని చేయవచ్చు, రెండోదాంట్లో కూర్చునే లోతూ తగ్గించుకోవచ్చు.