పైనా నిప్పే, కిందా నిప్పే

కాకి వచ్చి వాలింది, సరిగ్గా అప్పుడే తాటిపండు రాలింది. ఈ రెంటికీ సంబంధం లేదని చెప్పడానికి పూర్వులు ‘కాకతాళీయం’ అన్న మాట పుట్టించారు. శ్రావణం వెళ్లి భాద్రపదం వచ్చేసరికి కొల్లేటి గట్ల మీద తిరిగేవాళ్లు కాకి కోసం చూడరు. పండు ముగ్గితే రాలుతుంది, అంతే. తెల్లవారుజామున పొలంగట్టు మీద ‘దబ్‌’మని చప్పుడైతే, ముందు లేచినవాడిదే పండు. చెట్టెక్కేవాళ్లు దొరకడం లేదన్న బాధ కల్లుకీ ముంజలకీ ఉంది గానీ పండుకు లేదు. దాన్ని చెట్టే దింపి ఇస్తుంది.

ఆ పండుతో గోదావరి జిల్లాల్లో చేసే తాటిరొట్టె పేరుకే రొట్టె. చపాతీకీ దానికీ చుట్టరికం లేదు. రెండంగుళాల మందాన, పైన ఎర్రగా కాలి, లోపల పసుపు కలిసిన నారింజరంగులో మెత్తగా ఉంటుంది. ఏలూరులో ఏ బేకరీ అద్దాల బీరువాలోనో పెడితే అందరూ కేకు అనే అంటారు. ఇందులో గుడ్డు లేదు, మైదా లేదు. ఓవెన్ చేసే పనిని ఒక మూత, దాని మీద పోసిన నిప్పులు చేస్తాయి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలవల్లో పడి పడమటికి సాగాయి. తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే ఏలూరు కాలవ పొడుగునా, దాని పిల్లకాలవల గట్ల మీదా తాళ్లు బారులు తీరి కనిపిస్తాయి. నీళ్లు నిలిచినా ఎండలు కాసినా ఓర్చుకునే చెట్టు. పైగా గట్టుకు కాపలా, పొలానికి హద్దు. తాడేపల్లిగూడెం అనగానే ఇప్పుడు ఉల్లిపాయల మార్కెట్ గుర్తొస్తుంది గానీ, ఆ పేరు వింటే చెవికి ముందు తగిలేది తాడే. కాయలు కాసేది పెంటితాడి మాత్రమే. పోతుతాడికి గెలలే తప్ప కాయలుండవు. ఏది ఏదో తెలియాలంటే చెట్టు పూతకు రావాలి, అందుకు పన్నెండు నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. తాడి నాటేవాడు తన కోసం నాటుకోడన్నమాట.

రొట్టెకు పండు ఎంచడంలోనే సగం పని ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, ముచ్చిక తీస్తే వాసన గుప్పుమనాలి. ఆ వాసన నచ్చేవాళ్లకు ఇల్లంతా పండగ, నచ్చనివాళ్లకు వీధిలోనే తలనొప్పి. మధ్యస్థంగా ఉండేవాళ్లు అరుదు. పైతొక్క వలిచి, లోపలి టెంకలను విడదీసి, కొద్దిగా నీళ్లు చిలకరిస్తూ పిసుకుతారు. మామూలుగా ఒక పండులో మూడు టెంకలుంటాయి. ఒక్కో టెంకకూ జుట్టులా పట్టుకున్న పీచులోనే పేసం, అంటే గుజ్జు, ఉంటుంది. దాన్ని జల్లెడ మీదో, వెదురు తట్ట వెనకవైపో రుద్దితే పీచు పైన ఆగి, చిక్కటి గుజ్జు కిందికి దిగుతుంది. చేతులు రెండు రోజులు పసుపుపచ్చగానే ఉంటాయి.

చేదు సంగతి తెలియక ఆరంభంలోనే చేతులెత్తేసేవాళ్లున్నారు. తాటిపండు గుజ్జులో తీపితోపాటు చేదూ ఉంటుంది. ఫ్లాబెలిఫెరిన్లు అనే పదార్థాల వల్ల వచ్చే చేదు అది. శ్రీలంక శాస్త్రవేత్తలు వీటి మీద చాలాకాలం పనిచేశారు. ఒక్కో చెట్టు పండుకు ఒక్కో తీరు కాబట్టి, ఊళ్లో ఏ గట్టు మీది ఏ చెట్టు పండు తియ్యనిదో పెద్దవాళ్లకు నోటిలెక్క. బెంగాల్లో కృష్ణాష్టమికి తాటిపండు వడలు చేసేవాళ్లు గుజ్జును గుడ్డలో కట్టి వేలాడదీస్తారు. చేదునీళ్లు కారిపోయి ముద్ద మిగులుతుంది. మన వైపు పండును ముందే నిప్పుల మీద కాల్చడం, గుజ్జును సన్నసెగన ఉడికించడం ఎక్కువ. కాల్చిన పండు పేసంలో వచ్చే పొగవాసన రొట్టెకు అదనపు లాభం.

ఇక కలపడం. రెండు గ్లాసుల గుజ్జుకు గ్లాసున్నర బియ్యపురవ్వ, గ్లాసు బెల్లం తురుము, ఒక చిప్ప కొబ్బరికోరు, చిటికెడు ఉప్పు, నాలుగు ఏలక్కాయలు. ఈ కొలతలు దారి చూపించేవే తప్ప శాసనం కాదు. గుజ్జు పల్చనైతే రవ్వ పెరుగుతుంది, పండు తియ్యనైతే బెల్లం తగ్గుతుంది. కలిపాక కనీసం రెండు గంటలు వదిలేయాలి. రవ్వ పేసాన్ని పీల్చుకుని ఉబ్బకపోతే రొట్టె పైన కాలినా లోపల పలుకులు తగులుతాయి. కాస్త ఎక్కువసేపు ఉంచితే గుజ్జు దానంతటదే కొద్దిగా పులిసి, రొట్టె గుల్లగా వస్తుంది. మరీ ఎక్కువసేపైతే కల్లువాసన వేస్తుంది. అప్పుడు ఎవరినీ నిందించి లాభం లేదు, అది తాడి గుణం.

అసలు విద్య పొయ్యి దగ్గర. అడుగు మందంగా ఉన్న ఇత్తడి గిన్నెకో ఇనప మూకుడికో నూనె రాసి, అరిటాకు పరిచి, పిండి పోస్తారు. కింద పిడకల నిప్పు మంట లేకుండా కణకణలాడాలి. మీద గట్టి పళ్లెం మూతవేసి, దాని మీద కొబ్బరిచిప్పల బొగ్గులు పరుస్తారు. కింద తక్కువ, పైన ఎక్కువ అనేది పాత లెక్క. అందులో అర్థముంది. కింది వేడి లోహం ద్వారా నేరుగా పిండికి తాకుతుంది. పైవేడి మూతకూ పిండికీ మధ్యనున్న గాలిని దాటి రావాలి. రెండు వైపులా ఒకేలా పోస్తే అడుగు మాడుతుంది, పైభాగం పాలిపోతుంది. ముప్పావు గంటో, గంటో గడిచాక కొబ్బరీనె గుచ్చితే పిండి అంటకుండా రావాలి. దింపిన వెంటనే కోసేవాడికి ముద్దే దక్కుతుంది. బియ్యంలో గ్లూటెన్ లేదు కదా, రొట్టెను పట్టి ఉంచేది ఉడికిన పిండే, అది చల్లారాకే బిగుస్తుంది. రాత్రి చేసి పొద్దున తినమని అమ్మమ్మలు చెప్పేది పిల్లల్ని ఏడిపించడానికి కాదు.

దిబ్బరొట్టె తిన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. మినప్పిండిని మూకుట్లో పోసి, మూత మీద నిప్పులు పెట్టి కాల్చే ఆ రొట్టె ఈ జిల్లాల్లో టిఫిన్‌లకు పెద్దన్న. తాటిరొట్టె దాని తీపి చెల్లెలు.

వేల మైళ్ల అవతల, మన పిల్లలు వైద్యం చదవడానికి వెళ్లే ఫిలిప్పీన్స్‌లో, ఇదే మాదిరి నిప్పుల మధ్య ‘బిబింకా’ కాలుతుంది. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి, కొబ్బరిపాలు, మట్టిపాత్రలో అరిటాకు, కిందా పైనా బొగ్గులు. క్రిస్మస్ ముందు తొమ్మిది రోజులు తెల్లవారుజామున ప్రార్థనలకు వెళ్లొచ్చేవాళ్లు చర్చి బయట వేడివేడిగా కొనుక్కుంటారు. సెబూ దగ్గరి మండావేలో పిండి పొంగడానికి కొబ్బరికల్లు పోస్తారు. దక్షిణ అమెరికా నుంచి స్పెయిన్ ఓడల దారిన చేరిన కర్రపెండలంతోనూ అక్కడివాళ్లు ఇదే తరహా కేకు చేస్తారు. తురిమిన దుంప, కొబ్బరిపాలు, చక్కెర, ఇప్పుడైతే పైన డబ్బాపాల పూత.

ఆ దుంప మనకూ పరాయిది కాదు. పెద్దాపురం, సామర్లకోట వైపు మెట్టపొలాల్లో పండే కర్రపెండలం సగ్గుబియ్యం మిల్లులకు పోతుంది, మిగిలింది ఉడకబెట్టి బండ్ల మీద అమ్ముతారు. తాటిపండ్లు లేని రోజుల్లో అదే మూకుట్లో దాన్నీ కాల్చవచ్చు. తొక్క, కింది గులాబీరంగు పొర పూర్తిగా తీసి, తురిమి, గుడ్డలో గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోయాలి. చేదు రకాల్లో సైనైడ్‌గా మారే పదార్థం ఎక్కువ కాబట్టి వాటి జోలికి పోకుండా తినే రకమే తేవాలి, అదీ బాగా ఉడకాలి. తురుములో కొబ్బరిపాలు, బెల్లం, సన్నగా కోసిన పనసతొనలు కలిపితే చాలు. తాటిరొట్టె విరుగుతుంది, ఇది సాగుతుంది. ఎవరి పంటికి ఏది ఇష్టమో వాళ్లే తేల్చుకోవాలి.

గ్యాస్ పొయ్యి వచ్చాక నిప్పులు పోసే మూతలు అటకెక్కాయి. ఇప్పుడు గాస్కెట్, విజిల్ తీసేసిన కుక్కర్లో ఇసుక పోసి, అందులో గిన్నె పెట్టి కాలుస్తున్నారు. అడుగు బాగానే వస్తుంది, పైభాగం మాత్రం ఆవిరికి తడిసి తెల్లబోతుంది. చిన్న కరెంటు ఓవెనున్నవాళ్లు పైకడ్డీ వేడి పెంచితే పాత రుచికి కొంత దగ్గరవుతారు. పొగవాసన ఎలాగూ రాదు.

పండే కరువవుతున్న చోట్లూ ఉన్నాయి. రోడ్లు వెడల్పయినప్పుడు ముందు గొడ్డలి తగిలేది గట్టు మీది తాడికే. కొల్లేటి గట్ల మీద ఆ పని చేపలచెరువులు చేశాయి. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చాలా చేపలచెరువుల గట్లు కొట్టేశారు. చెరువుల కోసం యంత్రాలు గట్లు మార్చినచోట పోయిన తాళ్లు వీటిలో దేనితోనూ తిరిగి లేవలేదు. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. దాని పందిరిమామిడి పరిశోధన స్థానంలో తాడి మీదే పనిచేస్తున్నారు. తాటిబెల్లం, తేగలపిండి, గుజ్జుతో చేసే తినుబండారాలు అక్కడి విషయాలు. గుజ్జును ఏడాది పొడవునా నిలవ చేయగలిగితే, తాటిరొట్టె భాద్రపదం దాటి బేకరీ బీరువా దాకా రావడం అసాధ్యమేమీ కాదు.

రొట్టె కాలుతుండగా పిసికి పడేసిన టెంకలను పెరట్లో పాతర వేస్తారు. కార్తీకం దాటేసరికి అవి తేగలవుతాయి. టెంక పగలగొడితే బుర్రగుంజు, ఉడికించిన తేగను నిలువునా చీలిస్తే మధ్యలో సన్నటి చందమామ. దానికోసం పిల్లలు కొట్టుకుంటారు.