అరుదైన కాన్సరు - ఎం.ఆర్.ఐ. సాక్ష్యం: ఒక విమర్శ

గర్భాశయ ముఖద్వారానికి వచ్చే కాన్సర్లలో అత్యధిక భాగం పాపిలోమా వైరస్ వల్ల కలిగేవి. ఆ వైరస్‌తో నిమిత్తం లేకుండా, ఎండోమెట్రియోసిస్‌ను ఆశ్రయించి పుట్టినట్లు తోచే కాన్సరు బహు అరుదు. గర్భాశయపు లోపొర వంటి కణజాలం తనది కాని చోట పెరిగి, అక్కడ కూడా రక్తం స్రవించడమే ఎండోమెట్రియోసిస్. ఇట్టి రోగిని గూర్చి వైద్యపత్రికలలో వెలువడే వ్యాసాలు కొన్ని, ఎం.ఆర్.ఐ. చిత్రం ముద్రించి, ఎండోమెట్రియోసిస్ నుండి జనించిన కాన్సరని దాని కింద వ్రాస్తాయి. ఆ "జనించిన" అన్న మాటమీదనే నా ఆక్షేపణ.

పుట్టుకను నిరూపించడానికి ఏమేమి కావాలో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1925 లోనే అండాశయ కాన్సరు విషయంలో చెప్పినాడు. మంచి కణజాలం, చెడిన కణజాలం ఒకే అవయవంలో ఉండవలెను. కాన్సరు మరొక చోటినుండి ప్రాకివచ్చినది కారాదు. ఒకటి మరొకటిగా మారుతున్న సంధిస్థలం కూడా కనబడవలెనని 1953లో స్కాట్ చేర్చినాడు. ఈ సంధిని చూడగలది సూక్ష్మదర్శిని మాత్రమే. పైగా పెరిగిన కాన్సరు తాను పుట్టిన కణజాలాన్నే కబళించవచ్చును. అప్పుడు సూక్ష్మదర్శినికి సైతం సాక్ష్యం దొరకదు.

మరి చిత్రం దేనికి? ఇక్కడ కొంచెం ఆగవలెను. నిలువ ఉన్న రక్తం ఎం.ఆర్.ఐ.లోని టి1 చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. కాన్సరును పట్టడానికి గాడోలినియం మందు ఎక్కిస్తారు. రక్తప్రసారం గల కంతి ఆ మందువల్ల తెల్లబడుతుంది. కాని ముందే తెల్లగా ఉన్న రక్తం నడుమ కొత్తగా తెల్లబడినదేదో కంటికి ఆనుతుందా? సున్నం గోడమీద సుద్దగీత వంటిదే! అందుచేత మందుకు ముందు తీసిన చిత్రాన్ని తరువాతి చిత్రంనుండి తీసివేసి చూస్తారు. మిగిలిన తెలుపే కంతి. ఈ వ్యవకలనం చేయకుండా "పాత రక్తమే" అని నివేదిక ఇస్తే, ముక్క తీసి పరీక్షించడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం రోగిది. నీటి అణువుల చలనాన్ని కొలిచే చిత్రం ఉన్నది గదా అనవచ్చును. గడ్డకట్టిన రక్తం కూడా అందులో కాన్సరులాగే కనబడగలదు.

2018 నుండి అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య ఈ కాన్సరు దశను నిర్ణయించడంలో చిత్రాలను అంగీకరించింది. కంతి 2 సెంటీమీటర్లు దాటినదా, 4 దాటినదా, ప్రక్క కణజాలంలోకి ప్రాకినదా అన్నవి చికిత్సను నిర్ణయిస్తాయి. ఎండోమెట్రియోసిస్ వల్ల గట్టిపడిన ప్రక్క కణజాలాన్ని కాన్సరుగా లెక్కిస్తే, శస్త్రచికిత్సతో తీరేది రేడియేషన్ వరకు పోవచ్చును. మచ్చ టి2 చిత్రంలో నల్లగాను, కంతి బూడిదరంగుగాను కనబడుతుంటుంది. పైన చెప్పిన వ్యాసాలు ఈ సరిహద్దును గూర్చి రెండు వాక్యాలతో సరిపెట్టి, పుట్టుకకు పుటలు కేటాయించడమే విడ్డూరం.