ప్రేమ ముందా, దిద్దుబాటు ముందా?

పాపి అని పేరుపడ్డ మనిషి ఎదుటికి వస్తే మంచివాళ్లు ఎలా నడుచుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబిచ్చిన రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి, యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ. రెండోది, 1909 నాటి గురజాడ ‘కన్యాశుల్కం’ చివర మధురవాణి, సౌజన్యారావు ఎదురుపడే రంగం.

రెండు చోట్లా నేరం ఇద్దరిది, నింద ఒక్కరిది. లేవీయకాండం 20:10 స్త్రీపురుషులిద్దరికీ శిక్ష విధించింది. శాస్త్రులు, పరిసయ్యులు మాత్రం స్త్రీనొక్కదాన్నే ఈడ్చుకొచ్చారు. కన్యాశుల్కంలో గిరీశం, రామప్పంతులు మధురవాణి ఇంటికి వస్తూ పోతూ కూడా పెద్దమనుషులుగానే చెలామణి అవుతారు. సాని అన్న ముద్ర ఆమె ఒక్కదానికే.

తీర్పు చెప్పగలిగినవాళ్ల దగ్గరే ఈ రెండు ఘట్టాలూ వేరుపడతాయి. సౌజన్యారావు నిజాయితీపరుడైన వకీలు. వీరేశలింగం వంటివారు నడిపిన వేశ్యా వ్యతిరేకోద్యమ కాలపు ఆదర్శం అతనిలో ఉంది. వేశ్య మొహం చూడకూడదన్న నియమం అతనిది. చంపబడిందనుకున్న పెళ్లికూతురు నిజానికి ఆడవేషం వేసిన పిల్లవాడని మధురవాణి మగవేషంలో వచ్చి చెప్పి, పెళ్లికొడుకు లుబ్ధావధాన్లను ఆ హత్యానేరం నుంచి కాపాడుతుంది. సౌజన్యారావుకు ఆమె మీద గౌరవం కలిగేది ఆ తర్వాతే. అంటే ఆమె ముందుగా మేలు చేసి, తన యోగ్యతను రుజువు చేసుకోవలసి వచ్చింది. యేసు ముందు నిలబడ్డ స్త్రీ ఏ మేలూ చేయలేదు, క్షమాపణ కూడా అడగలేదు. పాపం లేనివాడే మొదటి రాయి వేయాలన్న మాటతో ఆయన మొదట ఆమె ప్రాణం నిలబెట్టాడు. నేనూ నీకు శిక్ష వేయనన్నాడు. ఇక పాపం చేయవద్దని ఆ తర్వాతే చెప్పాడు. ఆ చెప్పిన వరుసలోనే క్రైస్తవ బోధ సారమంతా ఉంది.

అలాగని గురజాడ ఘట్టాన్ని తక్కువ చేయలేం. సువార్తలో ఆ స్త్రీకి పేరు లేదు, ఆమె పలికింది ఒక్క ముక్క. మధురవాణికి పేరుంది, వాదముంది, విచక్షణ ఉంది. తనను ముద్దు పెట్టుకోవాలన్న పందెంలో సౌజన్యారావు మాట నిలుపుకోబోతుంటే, చెడనివారిని చెడగొట్టవద్దన్న తల్లి మాట తలుచుకుని ఆమే ఆపుతుంది. పాపి అనిపించుకున్న మనిషే ఇక్కడ ధర్మం నిలిపింది. ఆ స్త్రీ గుండెలో ఏముందో సువార్త చెప్పలేదు, మధురవాణి గుండెలో ఏముందో గురజాడ చెప్పాడు.

క్షమ ముందు వస్తే పాపానికి అలుసు దొరుకుతుందన్న భయం పాతదే. నాలుగో శతాబ్దపు సైనాయ్, వాటికన్ గ్రీకు ప్రతుల్లో యోహాను ఘట్టం లేదు. భార్యలకు అలుసిచ్చినట్టవుతుందని జంకి కొందరు దీన్ని ప్రతుల్లోంచి తీసేసి ఉంటారని అగస్టీన్ అనుమానించాడు. కానీ యేసు దిద్దుబాటును రద్దు చేయలేదు. మత్తయి 7లో కంటిలోని దూలం తీసుకోమన్నది, సోదరుడి కంటిలోని నలుసు తీయడానికి చూపు తేటపడాలనే. మత్తయి 18లో తప్పు చేసినవాడి దగ్గరికి మొదట ఒంటరిగా వెళ్లమన్నాడు. పదిమందిలో పెట్టడం చివరి మెట్టు.

ఇక్కడ సిద్దిపేటలో ఈ పోలిక పుస్తకాల దగ్గర ఆగదు. 2016 దాకా ఈ ఊరు మెదక్ జిల్లాలోది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని ఈ ప్రాంత క్రైస్తవులు, కరువులో మిషనరీ పోస్నెట్ దొర పని చూపి అన్నం పెట్టిన చోటుగా తలుచుకుంటారు. అలాంటి వారసత్వం ఉన్న సంఘాలు తాగుడు మానలేని తండ్రినో, కాపురం విడిచి వచ్చిన బిడ్డనో ముందు ప్రభువు బల్లకు దూరం పెట్టి, మారాక చేరదీస్తామంటే అది సౌజన్యారావు వరుసే తప్ప యేసు వరుస కాదు. సంఘపెద్దలు ఆ మనిషిని పంచాయితీకి పిలిపించకముందే ఒక్కరైనా ఆ ఇంటికి వెళ్లి పక్కన కూర్చోవాలి. అలా కూర్చున్నవాళ్లకే, ఇక పాపం చేయవద్దని చెప్పే హక్కు ఉంటుంది.