పుట్టిన ఏటి సీసా వెతికిపెట్టేవాళ్లు

అరవయ్యో పుట్టినరోజుకి, పుట్టిన ఏడాదే చేసిన వైన్ కానుకగా ఇవ్వడం యూరప్‌లో ఓ ముచ్చట. ఆ సీసాను వెతికిపెట్టే పాత వైన్ల వర్తకుల పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది.

1961లో పుట్టినవారికి చిక్కులేదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఆ ఏడు దిగుబడి తక్కువే అయినా నాణ్యతకు సాటిలేదు. కష్టమంతా 1965 వాళ్లకే. వానలకు ద్రాక్ష కుళ్లి, అక్కడి వైన్లు చాలావరకు నిలవలేదు. అయినా మంచి వర్తకుడు లేదనేసి పంపించేయడు, పోర్చుగల్ వైపు చూస్తాడు. అక్కడ కొల్యేటా అనే పోర్ట్ వైన్‌ను ఒకే ఏటి పంటతో చేసి, కనీసం 7 ఏళ్లు చెక్క పీపాల్లో మాగబెడతారు. అక్కడిదే మంచి మదీరా వైన్ అయితే వందేళ్లకీ చెక్కుచెదరదు.

సీసా దొరికాక అసలు పరీక్ష. వెలుతురుకు ఎత్తిపట్టి మట్టం చూస్తాడు. మెడ దాకా ఉంటే నమ్మకం, భుజం కిందికి దిగితే బిరడా గాలి పీల్చిందని అనుమానం. పాత పోర్ట్ బిరడా పొడిగా రాలిపోయేలా ఉంటే, ఎర్రగా కాల్చిన పటకారుతో మెడను కాసేపు పట్టి, వెంటనే తడిగుడ్డ చుడతారు. గాజు నున్నగా తెగుతుంది.

ఖరీదైనది అంటగట్టడం తేలిక. తాగదగినది చేతికివ్వాలంటే చదువు, ఓపిక, నిజాయితీ మూడూ ఉండాలి. అలాంటి వర్తకుడికి ఎంత గౌరవమిచ్చినా తక్కువే.