కాల్ ఎంతుంది?

‘పుట్లు మండిపోతున్నాయి, మార్కెట్ పడుతుంది’ అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: అదే స్ట్రైక్‌లో కాల్ ఎంతుంది?

ఆప్షన్ చైన్‌లో ఎడమవైపు కాల్, కుడివైపు పుట్, నడుమ స్ట్రైక్. చాలామంది ఒక పక్కే చూస్తారు. నేను ముందు తీసివేత చేస్తాను. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకుందాం. నెల గడువున్న 25,000 కాల్ 400, పుట్ 275. కాల్ కొని పుట్ అమ్మితే, ఎక్స్‌పైరీ నాడు సూచీ ఎక్కడున్నా, 25,000కు కొన్నట్టే లెక్క. డబ్బు కట్టేది మాత్రం నెల తర్వాత. ఏడాదికి 6 శాతం చొప్పున ఆ నెల వడ్డీ సుమారు 125. డివిడెండ్లు పక్కన పెడితే రెండు ప్రీమియంల తేడా అంతే. మార్కెట్ ఎటు పోతుందన్న ఊహకు ఇందులో చోటే లేదు. దీని పేరు పుట్-కాల్ పారిటీ.

జనం భయపడి ఎగబడితే పుట్ 375 అయిందనుకోండి. సూచీ కదలకపోతే కాల్ కూడా 500కు చేరాల్సిందే. 400 దగ్గరే ఆగితే పుట్ అమ్మి, కాల్ కొని, ఫ్యూచర్ అమ్మి ఆ వంద జేబులో వేసుకోవడానికి కంప్యూటర్లు కాచుకుని ఉన్నాయి. అంటే భయం కాల్ కొనేవాడి జేబుకూ చిల్లు పెడుతుంది! భయం ఎటువైపో తెలియాలంటే దిగువ స్ట్రైక్ పుట్‌ను ఎగువ స్ట్రైక్ కాల్‌తో పోల్చాలి. ఒకే స్ట్రైక్‌లో వెతికితే దొరకదు.

ఈ సూత్రాన్ని 1969లో హాన్స్ స్టోల్ పత్రంగా రాశాడు. వాడకం అంతకంటే పాతది. 19వ శతాబ్దపు న్యూయార్క్‌లో వడ్డీకి చట్టం హద్దు పెడితే, రసెల్ సేజ్ అనే ధనికుడు అప్పు అడిగినవాడి షేర్లు కొనేవాడట. అతని దగ్గర పుట్ తీసుకుని, అదే ధరకు కాల్ ఇచ్చేవాడట. గడువు నాటికి రాబడి ఖాయం, కాగితం మీద వడ్డీ మాటే ఉండదు. సేజ్ గడుసుతనం నాకు స్టోల్ సమీకరణం కంటే బాగా గుర్తుంటుంది.

మన షేర్లలో లెక్క ఇంకాస్త గజిబిజి. షేరు అరువు తెచ్చి అమ్మడం తేలిక కాదు కాబట్టి నేను స్పాట్‌తో కాక ఫ్యూచర్‌తోనే సరిచూస్తాను. ట్రేడింగ్ పలుచగా ఉండే దూరపు స్ట్రైకుల్లో తేడా కనబడితే, అది చాలావరకు పొద్దున్నెప్పుడో జరిగిన ట్రేడు ధర. ఇప్పటి బిడ్, ఆస్క్ చూస్తే ఊరించిన లాభమంతా ఆ రెండిటి మధ్యే కరిగిపోతుంది.