పదిహేనుకు పదిహేను

1936 సెప్టెంబరు 10న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో స్పీడ్‌వే ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి ఫైనల్ జరిగింది. ఆస్ట్రేలియా కుర్రాడు బ్లూయీ విల్కిన్సన్ ఐదు రేసుల్లో దిగాడు, ఐదూ గెలిచాడు. బరిలో ఉన్న మిగతా పదిహేనుమందినీ ఓడించాడు. అయినా టైటిల్ అతనికి దక్కలేదు, రెండో స్థానమూ దక్కలేదు. మూడోవాడయ్యాడు.

ముందు రౌండ్లలో తెచ్చుకున్న బోనస్ పాయింట్లను ఫైనల్ స్కోరుకు కలపాలన్నది అప్పటి నిబంధన. విల్కిన్సన్‌కు 15కు 10 కలిసి 25 అయ్యాయి. లయొనెల్ వాన్ ప్రాగ్‌కు 14కు 12, ఎరిక్ లాంగ్టన్‌కు 13కు 13 కలిసి ఇద్దరికీ 26 వచ్చాయి. వాళ్లిద్దరికీ మళ్లీ ఒక రేసు పెడితే వాన్ ప్రాగ్ గెలిచాడు. ఆ రాత్రి ఫైనల్లో వాన్ ప్రాగ్ పోగొట్టుకున్నది ఒకే ఒక్క పాయింటు, అదీ విల్కిన్సన్ చేతిలోనే. ఓడినవాడికి కప్పు, ఓడించినవాడికి మూడో స్థానం! రెండేళ్ల తర్వాత, 1938లో, విరిగిన కాలర్‌బోన్‌కు కట్టు కట్టించుకుని వచ్చి మరీ విల్కిన్సన్ టైటిల్ పట్టుకుపోయాడు. 1940లో సిడ్నీలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. యుద్ధం తర్వాత ఆ బోనస్ పద్ధతిని ఎత్తేశారు.

స్పీడ్‌వే అనగానే మనవాళ్లకు కోయంబత్తూరులోని కారీ మోటార్ స్పీడ్‌వే గుర్తుకు రావచ్చు. అది తారు ట్రాకు. ఇది మట్టి మీద మోటార్‌సైకిళ్ల ఆట. కోడిగుడ్డు ఆకారపు ట్రాకు మీద నలుగురు రైడర్లు నాలుగు ల్యాపులు కొడతారు. మలుపులన్నీ ఎడమవైపే. 500 సీసీ ఒంటి సిలిండర్ ఇంజను, తాగేది మిథనాల్. బండికి బ్రేకులుండవు. నిమిషం అటూ ఇటూగా రేసు ముగుస్తుంది. 1923 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని వెస్ట్ మైట్లాండ్‌లో జానీ హాస్కిన్స్ పెట్టించిన రేసులతో దీనికి పేరొచ్చింది. 1928 ఫిబ్రవరిలో లండన్ పక్కనున్న హై బీచ్‌కు చేరింది. ఇవాళ దీనికి పెద్ద దిక్కు పోలండ్.

ఈ ఆటలో స్కోరు లెక్క నాకు భలే నచ్చుతుంది. మొదట వచ్చినవాడికి మూడు, రెండోవాడికి రెండు, మూడోవాడికి ఒకటి, చివరివాడికి సున్నా. అంటే ఆ రేసులో ఎంతమందిని వెనక్కి నెట్టావో అన్ని పాయింట్లు. వ్యక్తిగత పోటీలో పదహారుమంది ఉంటారు, ఇరవై రేసులుంటాయి. వీటిని హీట్లు అంటారు. ఒక్కొక్కరూ ఐదు హీట్లలో దిగుతారు. ప్రతి ఒక్కరూ మిగతా పదిహేనుమందితో సరిగ్గా ఒక్కోసారి తలపడేలా జాబితా వేస్తారు. అందుకే 15 పాయింట్లు తెచ్చుకున్నాడంటే ఆ సాయంత్రం అతని ముందు నిలిచినవాడు లేడనే అర్థం. దీన్నే మాగ్జిమమ్ అంటారు.

జట్ల పోటీలో ఇంకో మెలిక ఉంది. హీటులో ఇటు ఇద్దరు, అటు ఇద్దరు. తన జట్టువాడి వెనకాలే రెండో స్థానంలో వచ్చినవాడికి రెండు పాయింట్లతో పాటు ఒక బోనస్ ఇస్తారు. అలా బోనస్‌తో కలిపి నిండు స్కోరు చేస్తే అది పెయిడ్ మాగ్జిమమ్. రేసు గెలవకపోయినా ఎదుటి జట్టువాడి చేతిలో ఓడలేదు కదా, అదీ లెక్కే. దీన్ని రెండో రకం సరుకుగా చూసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. మంచి జంట నడిపే తీరు చూడండి: ముందున్నవాడు భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, వేగం కాస్త తగ్గించి బయటి దారి మూసేస్తాడు. రెండోవాడు లోపలి గీతను అంటిపెట్టుకుని ఉంటాడు. ప్రత్యర్థికి దూరడానికి సందుండదు. తాను ఒంటరిగా దూసుకుపోగలిగి కూడా పక్కవాడి కోసం ఆగడం తేలికైన పనా?

ఇక అసలు విద్య. అందులో సగం, స్టార్టు దగ్గర రైడర్ల ముందు అడ్డంగా ఉండే టేపులు లేచిన క్షణంలోనే తేలిపోతుంది. రైడర్ ట్యాంకు మీదికి ఒంగి, బరువంతా ముందు చక్రం మీద వేసి కూర్చుంటాడు. లేకపోతే బండి ముందరి భాగం గాల్లోకి లేస్తుంది. ఎడమ చేతి వేళ్ల మధ్య క్లచ్, కుడి చేతిలో థ్రాటిల్ దాదాపు పూర్తిగా తెరిచి ఉంటుంది. టేపు కదిలీ కదలగానే క్లచ్ వదలాలి. ముందే వదిలి టేపును తాకితే శిక్ష తప్పదు. అంతకుముందు రైడర్లు గేటు దగ్గర, అంటే తమ స్టార్టు చోటులో, బూటు కాలితో మట్టి గీరుతూ, తొక్కుతూ, సర్దుతూ కనిపిస్తారు. కొత్తగా చూసేవాళ్లకు అది కాలయాపనలా ఉంటుంది. వెనక టైరు పట్టు దొరికే చోటును తయారుచేసుకోవడమది.

మలుపులో బండి ఎడమకు ఒరుగుతుంది, హ్యాండిల్ మాత్రం కుడికి తిరిగి ఉంటుంది. వెనక చక్రం బయటికి జారుతూ, ఆ జారుడుతోనే బండిని తిప్పుతుంది. ఎడమ బూటుకు తొడిగిన ఉక్కు తొడుగు నేలను రాసుకుంటూ పోతుంది. బ్రేకులు లేవు కనక వేగాన్ని అదుపు చేసేది ఈ జారుడే. భయపడి థ్రాటిల్ మూసినవాడు పడతాడు, ధైర్యంగా తెరిచి పట్టుకున్నవాడు నిలబడతాడు. చదవడానికి తలకిందులుగా అనిపించినా మలుపులో జరిగేది ఇదే.

ఇదంతా అందరికీ వచ్చిన విద్యే అనుకుందాం. మరి ఒకడు ఒక ట్రాకు మీద అసలు ఓడకుండా, పక్క ఊరి ట్రాకు మీద మామూలు రైడర్‌గా ఎలా ఉంటాడు? జవాబు మట్టిలో ఉంది.

ఏ రెండు ట్రాకులూ ఒకలా ఉండవు. ఇంగ్లండ్‌లో ఈస్ట్‌బోర్న్ దగ్గరి ఆర్లింగ్టన్ ట్రాకు సుమారు 275 మీటర్లు. ఎక్సెటర్ కౌంటీ గ్రౌండ్ ట్రాకు దాదాపు 400 మీటర్లుండేది. పైగా దాని చుట్టూ ఉక్కు రేకుల కంచె. 2005లో మూతపడేదాకా బయటి జట్లకు అక్కడికి వెళ్లడమంటే గుబులే. చిన్న ట్రాకు మీద స్టార్టు, మొదటి మలుపు గడిస్తే సగం పని అయినట్టే. పొడుగు ట్రాకు మీద ఇంజను దమ్ము, రైడర్ గుండె రెండూ కావాలి. ట్రాకును బట్టి వెనక స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ల చక్రం, మారుస్తారు. రెండు పళ్ల తేడాతో గెలిచే బండి ఓడే బండి అవుతుంది. సొంత ట్రాకు రైడర్‌కు ఆ పళ్ల లెక్క కంఠతా వచ్చి ఉంటుంది. బయటినుంచి వచ్చినవాడు మొదటి రెండు హీట్లు దాన్ని వెతుక్కోవడంలోనే పోగొట్టుకుంటాడు, మాగ్జిమమ్ అక్కడే చేజారిపోతుంది.

ట్రాకు ఆ ఒక్క సాయంత్రంలోనే మారిపోతుంది కూడా. మొదటి హీట్లలో లోపలి గీత దగ్గర పట్టు బావుంటుంది. బళ్లు మట్టిని బయటికి చిమ్మేకొద్దీ లోపలి భాగం నున్నబడుతుంది, వదులు మట్టి కంచె పక్కన పోగవుతుంది. కొన్ని హీట్లకోసారి ట్రాక్టర్ వచ్చి చదును చేస్తుంది, నీళ్లు చల్లుతారు, పట్టు మళ్లీ మారుతుంది. ఐదు రేసుల రైడర్‌కు వేర్వేరు గేట్లు వంతుకొస్తాయి. మొదటి రేసులో గెలిపించిన దారి నాలుగో రేసులో ముంచేస్తుంది. ఐదూ గెలిచినవాడు ఒకే ట్రాకు మీద గెలిచాడనుకుంటాం. నిజానికి అతను ఐదు రకాల ట్రాకుల మీద గెలిచాడు.

ఈ మారే మట్టిని చదవడంలో పోలండ్ రైడర్ తొమాష్ గొల్లోబ్‌ను మించినవాణ్ణి చెప్పడం కష్టం. సొంతూరు బిద్గోష్చ్‌లో అతను ప్రపంచ ఛాంపియన్‌షిప్ గ్రాండ్ ప్రీలు పదేపదే గెలిచాడు. అందరూ లోపలి గీత కోసం కుమ్ములాడుకుంటుంటే, అతను కంచెను రాసుకుంటున్నాడా అన్నంత బయటినుంచి, ఆ పోగుపడ్డ మట్టిని పట్టుకుని ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చేవాడు. 1999లో వ్రొత్స్వాఫ్ గ్రాండ్ ప్రీ ఫైనల్లో స్వీడన్ రైడర్ జిమ్మీ నీల్సెన్‌ను చివరి ల్యాపులో పట్టుకున్న తీరును పోలండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రపంచ టైటిల్ మాత్రం చాలా ఆలస్యంగా, 2010లో, 39 ఏళ్ల వయసులో వచ్చింది. 2017లో మోటోక్రాస్ ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడక పోయింది.

సొంత గడ్డ మీద గెలిచినవాణ్ణి తీసిపారేయడం తేలిక. జర్మనీకి చెందిన ఎగోన్ ముల్లర్ విషయంలో ఆ మాట తరచూ వినిపిస్తుంది. 1983 ప్రపంచ ఫైనల్ జర్మనీలోని నోర్డెన్‌లో జరిగింది. ముల్లర్ ఐదుకు ఐదు గెలిచి 15 పాయింట్లతో ఛాంపియన్ అయ్యాడు. ఆ టైటిల్ గెలిచిన జర్మన్ మరొకడు లేడు. అసలు అతను పేరు తెచ్చుకున్నది పొడుగాటి లాంగ్‌ట్రాక్ రేసుల్లో, అక్కడ అప్పటికే చాలాసార్లు ప్రపంచ ఛాంపియన్. ‘ఇంటి ట్రాకు కదా’ అంటారు. ఇంటి ట్రాకే. కానీ ఇంటి ట్రాకు మీద ఒత్తిడి కూడా ఇంటిదే. ఒక్క హీటులో క్లచ్ ఒక్క క్షణం ఆలస్యమైతే ఊరంతా చూస్తుండగా అంతా మట్టిపాలు. బిల్లీ శాండర్స్, మైకేల్ లీ లాంటివాళ్లు వెనక తరుముతుంటే ఐదుసార్లూ తప్పు చేయకపోవడాన్ని మట్టి ఖాతాలో వేసేయలేం.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచే ట్రాకు స్వీడన్‌లో గోథెన్‌బర్గ్‌లో ఉంది. 1958 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కోసం కట్టిన ఉల్లెవి స్టేడియం అది. 1964లో అక్కడ ప్రపంచ ఫైనల్ పెడితే న్యూజిలాండ్ రైడర్ బ్యారీ బ్రిగ్స్ 15తో గెలిచాడు. 1966లో మళ్లీ అక్కడే, మళ్లీ బ్రిగ్స్, మళ్లీ 15. ఆ రెండు ఫైనల్స్‌లో పది రేసులు, పది విజయాలు. 1968లో బ్రిగ్స్ లెక్క చెడింది, రెండోవాడయ్యాడు. చెడగొట్టిన ఐవన్ మేజర్ కూడా న్యూజిలాండ్‌వాడే, స్కోరు కూడా 15. 1971లో డెన్మార్క్ రైడర్ ఓలె ఓల్సెన్ 15. 1974లో స్వీడన్‌వాడు ఆండెర్స్ మిషానెక్ 15. ఉల్లెవిలో జరిగిన మొదటి ఐదు ప్రపంచ ఫైనల్స్‌లో విజేత ఒక్కసారీ ఓడలేదు! 1977లో ఆ వరస తెగింది. తెంపింది మేజరే, 14 పాయింట్లతో గెలిచి.

అదే వెంబ్లీ చూడండి. 1949 నుంచి 1960 దాకా ఏటా అక్కడే ఫైనల్ జరిగింది. పన్నెండింటిలో విజేత 15 చేసినవి నాలుగే: 1949లో టామీ ప్రైస్, 1954లోనూ 1959లోనూ రానీ మూర్, 1958లో బ్రిగ్స్. ఒకచోట ఐదుకు ఐదు, ఇంకోచోట పన్నెండుకు నాలుగు. దీన్ని కాకతాళీయం అనడానికి నాకు మనసొప్పదు. కొన్ని ట్రాకులు ఆ రోజు ముందున్నవాణ్ణి కడదాకా ముందే ఉంచుతాయి, కొన్ని ట్రాకులు వెనకున్నవాడికి దారిస్తాయి. మచ్చలేని రికార్డులో ట్రాకు వాటా సగమని నా లెక్క.

బ్రిగ్స్‌కు ఉల్లెవి సొంతూరు కాదని గమనించాలి. మన హైదరాబాద్ అజహరుద్దీన్‌కు, లక్ష్మణ్‌కు కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్ ఎలా కలిసొచ్చిందో ఇదీ అలాంటిదే. పుట్టిన ఊరు కాకపోయినా కొన్ని నేలలు కొందరి చేతికి ఒదుగుతాయి.

గణాంకాల పిచ్చి ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. బ్రిటిష్ లీగ్‌లో సగటును ఇలా కడతారు: బోనస్‌తో కలిపిన పాయింట్లను రైడ్లతో భాగించి నాలుగుతో హెచ్చించాలి. నిండు సగటు 12.00. ఏదో ట్రాకుకు జీవితంలో ఒక్కసారి వెళ్లి, నాలుగు రేసులు గెలిచి, మళ్లీ అటు తొక్కని రైడర్‌కు కూడా అక్కడి సగటు 12.00గానే ఉంటుంది. ఏళ్ల తరబడి వారం వారం అదే మట్టి మీద దిగేవాడి సగటు 11 దగ్గర ఆగుతుంది. పట్టికలో మొదటివాడు పైన ఉంటాడు. నా దృష్టిలో రెండోవాడే గొప్ప. ఒక్కసారి వచ్చినవాడికి ఆ రోజు వాన పడలేదు, ఇంజను మొరాయించలేదు, ఎవరూ ముందు పడి దారికి అడ్డం రాలేదు. వందసార్లు దిగినవాడికి ఇవన్నీ జరిగే ఉంటాయి. కనక ఎక్కడైనా మచ్చలేని రికార్డు కనబడితే ముందు ఎన్ని రైడ్లో చూడండి, తర్వాత ఎవరి మీదో చూడండి.

1995లో ఒకే రాత్రి ఫైనల్ పోయి గ్రాండ్ ప్రీ సిరీస్ వచ్చింది. ఇప్పుడు టైటిల్ కోసం వేర్వేరు దేశాల్లో, వేర్వేరు మట్టి మీద నెలల తరబడి పాయింట్లు కూడబెట్టాలి. ఎవరు మేటి అన్నది తేల్చడానికి ఈ పద్ధతే న్యాయమైనది. పోలండ్ రైడర్ బార్తోష్ జ్మర్జ్లిక్ 2019 నుంచి గెలుస్తున్న టైటిళ్లే దానికి రుజువు. కానీ ఒక్క సాయంత్రం, ఐదు రేసులు, పదిహేనుమందినీ ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యే అవకాశం దాంతో పోయింది. అలా అయినవాళ్లలో చివరివాడు డెన్మార్క్‌కు చెందిన యాన్ ఓ. పెడర్సన్. సంవత్సరం 1991, ట్రాకు ఉల్లెవి.